మాట మోసిన చేతులు

తెల్లారి టీ గ్లాసు చేతిలో పడిందంటే చాలు, కత్తెరాయన లోకాన్ని ఉద్ధరించడం మొదలుపెడతాడు. పాలలో నీళ్ళు, రోడ్డు మీద గుంతలు, ఎదురింటివాళ్ళ కుక్క, దేన్నీ వదిలిపెట్టడు. వీధి చివర సెలూన్ పెట్టుకుని ఏళ్ళ తరబడి ఆ చుట్టుపక్కల తలలన్నీ చూసిన మనిషి. తలలో ఉన్నదంతా ఆయన చెవిన పడేది, ఆయన నోట్లోంచి ఇంకో చెవికి చేరేది. ఆయన చేతిలో కత్తెరకైనా కాస్త విశ్రాంతి ఉంటుంది గానీ నోటికి ఉండదని స్నేహితులు ఏడిపించేవారు. ఆ ఏడిపింపులోంచే ఆ పేరు స్థిరపడింది.

అలాంటి మనిషికి ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్లకు పుట్టుకతోనే వినబడదు.

పిల్లతో మాట్లాడ్డానికి ఆయనకో పద్ధతి ఉంది. పిల్ల ఎదురుగా కూర్చుని ఉన్నా సరే, భార్య వైపు తిరిగి చెబుతాడు. భార్య చేతుల్తో పిల్లకు చెబుతుంది. పిల్ల చేతుల్తో ఏదో అంటుంది. భార్య నోటితో ఆయనకు చెబుతుంది. పిల్లకు నాలుగేళ్ళప్పుడు తల్లి వినబడని పిల్లల స్కూలు చుట్టూ తిరిగి సైగల భాష నేర్చుకుంది. అప్పుడు ఆయన్నీ రమ్మంది. “నువ్వున్నావుగా, ఇద్దరికీ ఎందుకు,” అన్నాడాయన. దుకాణం వదిలి రావడం కుదరలేదు, తర్వాత అవసరం పడలేదు. చదువు కూడా ఆయనకు అబ్బలేదు. గోడ మీది రేట్ల బోర్డులో అంకెలు తప్ప అక్షరాలేవీ ఆయనకు చుట్టాలు కావు. కాబట్టి కాగితం మీద రాసి చూపించే దారీ లేదు.

“వానొచ్చేలా ఉంది, గొడుగు పట్టుకెళ్ళమని చెప్పు దానికి,” అన్నాడు ఆ పొద్దున. “మొన్న తడిసి ముద్దయి వచ్చింది. అంత పెద్దదైంది, బుద్ధి ఉండక్కర్లేదా?”

భార్య చేతిలో రొట్టె ముక్క కింద పెట్టి, వేళ్ళు తుడుచుకుని నాలుగు సైగలు చేసింది. పిల్ల తండ్రిని చూసి నవ్వి, తనూ ఏదో అంది.

“ఏమంటోంది?”

“సరే నాన్నా, మీరూ తీసుకెళ్ళండి అంటోంది.”

కత్తెరాయన తృప్తిగా మీసం దువ్వుకున్నాడు. తను అన్న బుద్ధి మాట దారిలోనే ఎక్కడో జారిపోయిందని ఆయనకు తెలియదు. అలా జారిపోయిన మాటలు ఆ ఇంట్లో బోలెడు.

పిల్ల కుట్టుమిషన్ల కార్ఖానాకు వెళ్ళింది. స్కూలు పిల్లలకు యూనిఫారాలు కుట్టే చోటు. ఆయన దుకాణం తెరవడానికి బయల్దేరాడు. గుమ్మం దాటి పది అడుగులు వేశాడో లేదో, వెనక నుంచి బకెట్ దొర్లిన చప్పుడు, ఆ వెంటనే భార్య కేక. ఉతికిన బట్టల బకెట్‌తో డాబా మెట్లు ఎక్కబోయి నాచు మీద కాలేసింది. పడుతూ పడుతూ రెండు చేతులూ ఆన్చింది. కుడి మణికట్టు విరిగింది. ఎడమ చేతి వేళ్ళు రెండు విరిగాయి. ఆస్పత్రిలో కుడి చేతికి మోచేయి దాకా పిండికట్టు, ఎడమ చేతికి బద్దలు కట్టి పంపించారు. నెలన్నర కదిలించకూడదన్నారు.

ఆ సాయంత్రం పిల్ల ఇంటికొచ్చి తల్లిని చూసి గొల్లుమంది. తల్లి ఓదార్చబోయింది. అలవాటు చొప్పున కట్టుకట్టిన చెయ్యి లేచింది, నొప్పికి అక్కడే ఆగిపోయింది. అప్పుడు ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. ఆ ఇంట్లో మాట పోయింది.

మొదటి రెండు రోజులూ నవ్వాలో ఏడవాలో తెలియకుండా గడిచాయి. కత్తెరాయన గట్టిగా అరిస్తే అర్థమవుతుందేమోనని అరిచాడు. వీధిలోవాళ్ళు కిటికీల్లోంచి తొంగి చూశారు. ఉప్పు అడగడానికి చేతులు తిప్పితే పిల్ల ఫ్యాన్ వేసింది. మందుల డబ్బా కావాలని నోరు తెరిచి చూపిస్తే పళ్ళు తోముకునే బ్రష్ తెచ్చిచ్చింది. ఆయన విసుక్కున్నాడు. మంచం మీంచి భార్య ఇదంతా చూసి తల బాదుకుందామంటే చేతులు లేవాయె.

“ఇలా రండి,” అంది చివరికి. “నేను నోటితో చెబుతాను, మీరు చేత్తో చెయ్యండి. అయిదు వేళ్ళూ దగ్గరికి చేర్చి నోటి దగ్గర పెట్టండి. తినడం.”

“ఇంతేనా? ఇది కోతి కూడా చేస్తుంది.”

“కోతికి తెలిసిన పాటి మీకు ఇన్నేళ్ళూ ఎందుకు తెలీలేదో మరి.”

ఆయన చెయ్యి సరిగ్గా పెట్టాడు.

ఆయన చేతులు మంచివి. ఒకసారి చూసిన క్రాపును మర్నాడు ఇంకో తల మీద అలాగే దించేసే చేతులు. నీళ్ళు, మందు, నొప్పి, రేపు, పని, అయిపోయింది, మళ్ళీ, మంచిది. భార్య నోటితో చెప్పడం, ఆయన వేళ్ళు ఆడించడం, పిల్ల వచ్చి ఆయన బొటనవేలు పట్టుకుని సరిచెయ్యడం. మొదటిసారి ఆయన తనంతట తానే కూతుర్ని “పని అయిపోయిందా” అని అడిగి, ఆ పిల్ల “అయిపోయింది, నొప్పి” అని భుజం చూపించి జవాబిచ్చిన రోజున ఆయనకు ఒళ్ళు పులకరించింది. మర్నాడు సెలూన్‌కి వచ్చిన ప్రతివాడికీ ఆ సంగతి చెప్పాడు. గెడ్డం మీద నురగతో కూర్చున్నవాళ్ళు పారిపోలేక విన్నారు.

“ఆలోచిస్తున్నావా అని ఎలా అడగాలి?” అన్నాడు ఒక సాయంత్రం భార్యతో. “అది కిటికీ దగ్గర కూర్చుని ఎటో చూస్తూ ఉంటుంది. ఏమనుకుంటోందో అడుగుదామని.”

“అన్నీ ఒక్క రోజే నేర్చుకుంటారా?” అంది ఆవిడ. “అవన్నీ పెద్ద మాటలు. నిదానంగా చూద్దాం లెండి.”

ఉప్పు, నీళ్ళు చెప్పేటప్పుడు ఉన్న ఉత్సాహం ఆ గొంతులో లేదు. ఆయన గమనించలేదు. తన మాట తప్ప ఎదుటి గొంతులో ఏముందో గమనించే అలవాటు ఆయనకు మొదట్నుంచీ తక్కువ.

ఆదివారం సాయంత్రం పిల్ల బట్టలు మడతపెట్టడం పూర్తిచేసి వచ్చి తండ్రికి ఎదురుగా కింద కూర్చుంది. ఆయన మోకాలు తట్టింది. ఆయన చూశాడు. పిల్ల ఆయన వైపు వేలు చూపించి, అదే వేలు తన కణత దగ్గర గుండ్రంగా తిప్పి, రెండు అరచేతులూ వెల్లకిలా తిప్పింది. కనుబొమలు పైకెత్తి ఎదురుచూసింది. చివరిది ఆయనకు తెలుసు, అయిపోయింది అని. మధ్యలోది తెలియదు. పిల్ల మళ్ళీ అడిగింది. కళ్ళల్లో ఏదో బెదురు, ఏదో ఆశ. పెదవి వణుకుతోంది.

ఆగు అన్నట్టు చెయ్యి చూపించి ఆయన లేచి లోపలి గదిలోకి వెళ్ళాడు.

“ఇదేమిటో చెప్పు,” అని భార్య ముందు నిలబడి, పిల్ల చేసింది చేసినట్టే చేసి చూపించాడు, కనుబొమలతో సహా.

భార్య మొహంలో రంగు మారింది. “అన్నం తిన్నారా అని అడుగుతోంది.”

“తినడం నాకొచ్చు. తినడం ఇలా కదా.” వేళ్ళు నోటి దగ్గర పెట్టి చూపించాడు. “ఇది అది కాదు. వేలు ఇక్కడ తిప్పింది.”

“చిన్నపిల్ల, ఏదో అంటుంది.”

“ఏదో కాదు. రెండుసార్లు అడిగింది. ఏడుపు ఆపుకుని అడిగింది. ఏమిటది?”

ఆవిడ గోడ వైపు తిరిగింది.

“మీరు ఆలోచించడం అయిపోయిందా అని అడుగుతోంది,” అంది.

“నేనేం ఆలోచిస్తున్నాను?”

“ఫ్రేములబ్బాయి సంగతి.”

రెండేళ్ళ కిందటి మాట అది. బొమ్మలకు చెక్క ఫ్రేములు కట్టే కుర్రాడొకడు, వాడికీ వినబడదు, పిల్లతో పాటు ఆ స్కూల్లోనే చదువుకున్నాడు. ఒక రోజు ఇంటికొచ్చాడు. పెళ్ళి చేసుకుంటామని ఇద్దరూ అడిగారు. హాల్లో కూర్చుని ఇద్దరూ చేతుల్తో గలగలా మాట్లాడుకుంటుంటే కత్తెరాయన తన ఇంట్లో తనే పరాయివాడిలా చూస్తూ కూర్చున్నాడు. వాడు వెళ్ళాక భార్యతో తెగేసి చెప్పాడు. ఇద్దరికీ వినబడకపోతే ఆ కాపురం ఎలా సాగుతుంది, పిల్లో పిల్లాడో పుట్టి ఏడిస్తే ఎవరికి తెలుస్తుంది, వద్దంటే వద్దు, ఈ మాట మళ్ళీ నా ముందు ఎత్తొద్దని చెప్పు దానికి అన్నాడు. చెప్పానంది భార్య. పిల్ల ఒప్పుకుందంది. ‘మీ ఇష్టం నాన్నా’ అందట. తన కూతురు బంగారం అని ఆయన ఆ రోజు అందరికీ చెప్పుకున్నాడు.

“అది అప్పుడే తేలిపోయింది కదా,” అన్నాడు ఇప్పుడు. “వద్దని చెప్పానుగా.”

“మీరు నాకు చెప్పారు. నేను దానికి చెప్పలేదు.”

“ఏం చెప్పావు మరి?”

“నాన్న ఆలోచిస్తున్నారు, తొందరపెట్టకు అన్నాను.”

కత్తెరాయన మంచం అంచు మీద కూర్చుండిపోయాడు. “మరి, ‘మీ ఇష్టం నాన్నా’ అందన్నావు?”

“అదేమీ అలా అనలేదు. ఒప్పుకోకపోతే ఇల్లు వదిలి పోతానంది. ఆ మాట మీకు చెబితే మీరు పొమ్మంటారు. మీ సంగతి నాకు తెలుసు, దాని సంగతీ తెలుసు. ఇద్దరూ ఒక అచ్చులో పోసినవాళ్ళే.”

“అయితే రెండేళ్ళుగా ఇద్దర్నీ మోసం చేశావన్నమాట.”

ఆవిడ ఆయన వైపు తిరిగింది. అంతవరకూ ఉన్న భయం ఇప్పుడు ఆ మొహంలో లేదు.

“నోరు మీది, చేతులు నావి,” అంది. “మీరు ఒక మాట విసిరేసి టీ తాగుతారు. ఆ మాటతో పిల్లని కొట్టాల్సింది నేను, నా చేతుల్తో. అది నా మొహం చూస్తూ తింటుంది ఆ దెబ్బ, మీ మొహం చూస్తూ కాదు. మొద్దు అన్నారు, దాని చిన్నప్పుడు. నేను అనలేదు. నీ వల్ల తల దించుకున్నానన్నారు ఒకసారి. అదీ అనలేదు. ఎన్నని చెప్పను? ఇవాళో రేపో మీ మనసు మారుతుందనుకున్నాను. మారితే నా అబద్ధం నిజమైపోతుందనుకున్నాను.”

“నిన్నెవడు మార్చమన్నాడు?”

“మిమ్మల్నెవరు నేర్చుకోవద్దన్నారు?”

గుమ్మంలో పిల్ల నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలియదు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఏమిటి అన్నట్టు చెయ్యి తిప్పింది. కత్తెరాయన ఉడికిపోతూ ఉన్నాడు. “నేను ఆలోచించడం లేదు, ఎప్పుడో వద్దన్నాను,” అని కేకేశాడు. నోటితోపాటు చూపుడు వేలు కూడా అడ్డంగా ఊగింది. ఆ ఒక్క సైగా ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు.

పిల్ల తల్లి వైపు చూసింది. నిజమేనా అని ఆ చూపు. తల్లి చేతులు ఏదో చెప్పడానికి లేచాయి, కట్టుల బరువుకు దిగిపోయాయి. ఆవిడ తల వంచుకుంది.

మర్నాడు పొద్దున పిల్ల చిన్న సంచీ సర్దుకుని పనికి వెళ్ళింది. సాయంత్రం రాలేదు. కార్ఖానాలో పనిచేసే ఒకమ్మాయి గదిలో ఉంటోందని ఆ అమ్మాయే ఫోన్ చేసి చెప్పింది. ఆమె ఇప్పుడప్పుడే రాదండీ, మీ ఇద్దరి మొహాలూ చూడనని రాసి చూపించింది అంది. కత్తెరాయన ఫోన్ పెట్టేసి భార్యకు ఆ మాట ఎలా చెప్పాలా అని గుమ్మంలోనే నిలబడ్డాడు. చివరికి చెప్పాడు. ఆవిడ ఏడ్చింది. ఏడుస్తుంటే కళ్ళు తుడుచుకోవడానికి చేతులు లేవు. ఆయనే తన తుండుగుడ్డతో తుడిచాడు. ఆవిడ వద్దనలేదు, ఆయన్ని చూడనూ లేదు.

సెలూన్‌లో ఆయన నోరు మూతపడింది. కత్తెర చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించకపోయేసరికి వచ్చినవాళ్ళు ఒంట్లో బాగాలేదా అని అడిగారు.

వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం, దుకాణంలో ఎవరూ లేనప్పుడు, ఫ్రేములబ్బాయి వచ్చాడు. గోళ్ళల్లో రంపపు పొట్టు, చొక్కాకి జిగురు మరకలు. నమస్కారం పెట్టి నేరుగా కుర్చీలో కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తెలియక కత్తెరాయన రోజూ చేసేదే చేశాడు. తెల్లగుడ్డ దులిపి మెడ చుట్టూ కప్పి వెనక తాడు ముడేశాడు. దువ్వెన తీశాడు.

కత్తిరించడం మొదలుపెట్టగానే మాట బయటికొచ్చింది. ఎదుటివాడికి వినబడదన్న ధైర్యమో ఏమో, ఇన్ని రోజులుగా బిగించి పెట్టుకున్నదంతా వచ్చేసింది.

“నీ మీద నాకు కోపం లేదయ్యా,” అన్నాడు అద్దంలోకి చూస్తూ. “అప్పుడు దానికి మూడేళ్ళు. ఇదే వీధిలో లారీ వెనక్కి వస్తోంది. అది లారీ వెనకాల కూర్చుని మట్టిలో ఆడుతోంది. ఈ గుమ్మంలో నిలబడి అరిచాను. నా గొంతు ఎంతదో అందరికీ తెలుసు. అది తలెత్తి చూడలేదు. ఎలా పరిగెత్తానో, ఎలా లాగానో నాకే తెలీదు. ఆ రోజునుంచి నాకు నా గొంతంటే అసహ్యం. దాని పక్కన వినబడేవాడు ఒకడుండాలి, అంతే నేను కోరుకున్నది. మీ ఇద్దరికీ పసిబిడ్డ పుట్టి ఏడిస్తే…” దువ్వెన పట్టుకున్న చేత్తోనే బిడ్డని ఊపుతున్నట్టు ఊపాడు.

అప్పుడు చూశాడు, తెల్లగుడ్డ కదులుతోంది. బుట్ట కింద మూసిన కోడిపిల్లల్లా గుడ్డ కింద ఏవో ఎగిరెగిరి పడుతున్నాయి. అవి ఆ కుర్రాడి చేతులు. వాడు జవాబు చెబుతున్నాడు. బిడ్డని ఊపినట్టు చెయ్యి ఊపడం అద్దంలో చూసి, అప్పట్నుంచీ చెబుతూనే ఉన్నాడు. వాడి నోటికి గుడ్డ కట్టి, కత్తెరాయన మాత్రం తీరిగ్గా మాట్లాడుతున్నాడు.

కూతురితో జీవితమంతా తను చేసింది ఇదే. గబగబా ముడి విప్పి గుడ్డ లాగేశాడు.

కుర్రాడు తల మీద సగం కత్తిరించిన జుట్టుతోనే లేచి నిలబడ్డాడు. బిడ్డని ఊపినట్టు ఊపాడు. తనని చూపించుకున్నాడు. నేను, బిడ్డని. తర్వాత అమ్మ అన్నాడు, చెవి చూపించి లేదన్నాడు. నాన్న అన్నాడు, మళ్ళీ చెవి చూపించి లేదన్నాడు. వీడి అమ్మానాన్నలకూ వినబడదని ఆయనకు అప్పుడే తెలిసింది. ఎవరూ చెప్పలేదు, ఆయన అడగలేదు. కుర్రాడు గుడ్డకున్న తాడు అందుకుని, ఒక కొస తన మణికట్టుకు చుట్టి, రెండో కొస కత్తెరాయన మణికట్టుకు చుట్టాడు. ఆయన తల ఒక పక్కకు వాల్చి, నిద్రపో అన్నట్టు సైగ చేశాడు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి మణికట్టు దగ్గర చిన్న లాగుడు. కళ్ళు తెరిచాడు. కుర్రాడు పసివాడిలా మొహం పెట్టి, ఏడుస్తున్నట్టు చెయ్యి ఆడిస్తున్నాడు. అలా వాళ్ళమ్మ వాణ్ణి పెంచింది.

కత్తెరాయన ఆ తాడుతోనే కూలబడి భోరుమన్నాడు.

కాస్త తేరుకున్నాక లేచి మొహం కడుక్కుని, ముందు కుర్రాడి తల పూర్తి చేశాడు. సగం తలతో మనిషిని పంపించడం ఆయన వల్ల కాదు. ఈసారి గుడ్డ కింద నుంచి రెండు చేతులూ బయటికి తీయించి మరీ కట్టాడు. తర్వాత ఇద్దరూ పక్కపక్కన అద్దం ముందు నిలబడ్డారు. నేర్పమని చేతులు చాచి అడిగాడాయన. ఎదురెదురుగా నిలబడితే కుడీ ఎడమా తారుమారవుతాయి. అద్దంలో అయితే ఆ బాధ లేదు, పక్కవాడు ఎలా చేస్తే అలాగే చెయ్యడమే. భయం అన్నాడు కుర్రాడు, గుండె దగ్గర చెయ్యి వణికించి. భయం అన్నాడు కత్తెరాయన. తప్పు, కోపం, ప్రేమ, పెళ్ళి, ఇల్లు, రా, నువ్వు చెప్పు, నేను చూస్తాను. చీకటి పడేవరకూ ఎవరొచ్చినా రేపు రమ్మని పంపించేశాడు.

మర్నాడు కార్ఖానాకు వెళ్ళాడు. పని వేళలో లోపలికి వదలనన్నాడు కాపలావాడు. వరండా పక్కన పెద్ద అద్దాల కిటికీ ఉంది, లోపల వరసలు వరసలుగా మిషన్లు. ఆ హోరులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. మూలన పిల్ల తల వంచుకుని కుడుతోంది. కత్తెరాయన అద్దం తట్టాడు. దగ్గరి మిషన్ ఆమె తలెత్తి చూసి, లేచి వెళ్ళి పిల్ల భుజం తట్టింది.

పిల్ల చూసింది. చూసి మళ్ళీ తల వంచుకోబోయింది. ఆయన చేతులు రెండూ ఎత్తాడు.

వద్దన్నది నేను, అన్నాడు. అమ్మ కాదు. నేను. నాకు భయం. వేళ్ళు తడబడ్డాయి. మధ్యలో ఏదో మర్చిపోయి మొదట్నుంచీ మళ్ళీ మొదలెట్టాడు. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. అందరూ కిటికీ వంకే చూస్తున్నారు. వీధిలో ఎంత నోరు పెట్టినా సిగ్గుపడని మనిషికి చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆపలేదు. ఆ అబ్బాయి మంచివాడు. పెళ్ళి మంచిది. ఇంటికి రా. నువ్వు చెప్పు, నేను చూస్తాను.

పిల్ల లేచి కిటికీ దాకా వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు. ఏదో గబగబా అంది. ఆయనకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. మళ్ళీ, అన్నాడు. పసిపిల్లలకు చెప్పినట్టు పిల్ల ఒక్కొక్క మాటే విడదీసి చెప్పింది. మీ మీద కోపం ఉంది. అమ్మ మీద ఎక్కువ ఉంది. సాయంత్రం వస్తాను.

వచ్చింది. ఆ సాయంత్రం ముగ్గురూ లోపలి గదిలో కూర్చున్నారు. తల్లి మంచం మీద, పిల్ల ఎదురుగా కుర్చీలో, కత్తెరాయన మధ్యలో స్టూలు మీద. పిల్ల అడగాల్సింది చేతుల్తో అడిగింది. తల్లికి అదంతా అర్థమైంది, జవాబు చెప్పడానికే చేతులు లేవు.

“నేను చెబుతాను, మీరు చెప్పండి దానికి,” అంది ఆవిడ భర్తతో.

“నాకు రాదేమో.”

“వచ్చినంత చెప్పండి. తప్పు నాది అని చెప్పండి. రెండేళ్ళు దాన్ని ఎదురుచూసేలా చేశాను. అది నా తప్పు. మీది కాదు.”

కత్తెరాయన కూతురి వైపు తిరిగాడు. ఆ పిల్ల బిగుసుకుని కూర్చుని ఉంది, దెబ్బ కోసం ఎదురుచూస్తున్నట్టు. ఆయన భార్య వైపు చూశాడు. కట్టుకట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని చిక్కి సగమై ఉంది. ఈ మనిషి వైపు వేలెత్తి, తప్పు ఈమెది అని బిడ్డకు చూపించాలి, ఇప్పుడు, తన చేత్తో.

తప్పు, అన్నాడు. వేలు భార్య వైపు వెళ్ళబోయింది. వెళ్ళలేదు. చెయ్యి గుండ్రంగా తిరిగి, భార్యనూ తననూ కలిపి చుట్టి వచ్చింది. మా ఇద్దరిదీ, అన్నాడు. అమ్మకు నువ్వంటే ప్రేమ, కోపం తెచ్చుకోకు అని కూడా వచ్చీరానట్టు చేర్చాడు.

“ఆగండి,” అంది భార్య. “నేను అలా అనలేదు.”

“అలాగే చెప్పాను.”

“నాకు సైగలు రావనుకున్నారా? ఇద్దరిదీ అన్నారు. ప్రేమ అన్నారు. కోపం వద్దన్నారు. నేను అవేమీ అనలేదు. మార్చి చెప్పారు.”

కత్తెరాయన దొరికిపోయినవాడిలా నోరు తెరిచాడు. చేతులు ఒళ్ళో పడిపోయాయి. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“చెప్పలేకపోయానే,” అన్నాడు. “అది నన్నే చూస్తోంది. నావల్ల కాలేదు.”

“ఒక్కసారికేనా?” అంది ఆవిడ. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఆయన ఆవిడ పిండికట్టు మీద తల ఆనించి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇన్నేళ్ళలో ఎన్ని మాటలు ఈ చేతుల్లో పెట్టి తను దుకాణానికి వెళ్ళిపోయాడో లెక్క తెలియదు.

పిల్లకు నోటి మాటలు అందలేదు గానీ, తల్లి ఆగమనడం, తండ్రి తెల్లమొహం వెయ్యడం కనబడ్డాయి. అమ్మ ఏమంది, మీరేం చెప్పారు అని అడిగింది. కత్తెరాయన మొహం తుడుచుకుని నిటారుగా కూర్చున్నాడు. వేలు భార్య వైపు చూపించాడు. ఈసారి చెయ్యి తిరగలేదు. తప్పు అమ్మది అంది అమ్మ. తర్వాత తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, నేను మార్చాను, నాకు భయం వేసింది, అన్నాడు.

పిల్ల ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. పెదవుల చివర నవ్వు మొదలై, నవ్వుగా నిలవకుండా ఏడుపైంది. కుర్చీలోంచి లేచి తల్లి మంచం మీద కూర్చుని, ఆవిడ భుజం మీద తల పెట్టుకుంది. కాసేపటికి తలెత్తి, తల్లి మొహానికి దగ్గరగా చేతులు పెట్టి నిదానంగా ఏదో అంది.

కత్తెరాయన ముందుకు వంగి చూశాడు. సగమే అర్థమైంది.

“ఏమిటది, చెప్పవా?” అన్నాడు భార్యతో.

“నన్నడగకండి,” అంది ఆవిడ కళ్ళు తుడుచుకోలేక నవ్వుతూ. “పిల్ల ఎదురుగానే ఉందిగా.”

ఆయన స్టూలు దగ్గరికి లాక్కుని కూతురి భుజం తట్టాడు. మళ్ళీ చెప్పమని సైగ చేశాడు. పిల్ల ఈసారి ఆయన వైపు పూర్తిగా తిరిగి, ఒక్కొక్క మాటే చెప్పడం మొదలుపెట్టింది.